ఈశాన్యం మూల జానెడు

శావల్యాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఇల్లు కట్టుకునేవాళ్లు పునాది తవ్వే ముందు ఒకసారి నీలిమకి కబురు పెడతారు. ఇంజినీరు ఇచ్చిన ప్లాను ఆమె చేతిలో పెట్టి, "ఒకసారి పోసి చూపించమ్మా" అంటారు. ఒక బకెట్టు ముగ్గు, నాలుగు మేకులు, దారపు ఉండ, టేపు స్కూటీ ముందు పెట్టుకుని వస్తుంది. మామూలుగా మేస్త్రీలు పునాది తవ్వాల్సిన గీతల వరకే ముగ్గు పోస్తారు. నీలిమ అంతటితో ఆగదు. గోడలు, గుమ్మాలు, కిటికీలు, మంచాలు, పొయ్యి గట్టు, బీరువా, అన్నీ అసలు కొలతల్లో నేల మీద పోసేస్తుంది. తర్వాత ఆ ఇంటి ఆడమనిషి చంకకి నీళ్ల బిందె ఎత్తి, "పిన్నీ, వంటింట్లోంచి దొడ్లోకి నడువు" అంటుంది. ఆవిడ నాలుగడుగులు వేసేసరికి ఎక్కడో ముగ్గు తొక్కుతుంది. "అదుగో, గోడ తొక్కావు. ఇట్టాగే కడితే రోజూ నీ మోచెయ్యి కొట్టుకుంటది" అని ఆ గుమ్మాన్ని అక్కడికక్కడే జరిపించేస్తుంది. అందుకే ఆమెని ముగ్గు నీలిమ అంటారు.

ఆమె ఆర్కిటెక్టు కావలసిన మనిషి. బొమ్మలు గీయడం రాక చదువు మానేసిందని ఊరంతా అనుకుంటుంది. అది సగం నిజం. మిగతా సగం నేను చేసిన పని. ఆమె కథ చెప్పేవాళ్లు ఎవరూ ఆ సగం చెప్పరు, ఎవరికీ తెలియదు కాబట్టి. అందుకే నేనే రాస్తున్నాను.

నా పేరు సింధూజ. నరసరావుపేటలో ఆర్కిటెక్టుని. పేటలో ఇంటికి మంచి ఎలివేషన్ కావాలంటే నా దగ్గరికే పంపిస్తారు. ఎలివేషన్ అంటే రోడ్డు మీద నిలబడి చూస్తే ఇల్లు ఎలా కనబడుతుందన్నది. లోపల మనుషులు ఎలా తిరుగుతారని నన్ను అడిగేవాళ్లు తక్కువ. అడిగినా నేను చెప్పేది తక్కువే. మా నాన్న గురునాథం గారికి పేటలో జాకెట్టు ముక్కల కొట్టు ఉండేది. ఎనిమిదో తరగతి నుంచే కొట్టుకొచ్చే ఆడవాళ్లకి మగ్గం వర్కు డిజైన్లు బటర్ పేపరు మీద గీసిచ్చేదాన్ని. నెమళ్లు, మామిడి పిందెలు, లతలు. "ఈ పిల్ల చేతిలో ఏదో ఉందండీ" అని అందరూ అనేవారు. ఐదేళ్ల పాటు ఆ మాట విన్న పిల్లకి తలకి ఎక్కక ఏమవుతుంది? నాకూ ఎక్కింది.

నీలిమని మొదటిసారి చూసింది 2008లో, విజయవాడ దగ్గర ఓ కాలేజీ హాస్టల్లో. ఇద్దరిదీ ఒకే గది. మంచాల మధ్య రెండడుగుల సందు. ఎంట్రన్సులో లెక్కల భాగంలో బోలెడు మార్కులు తెచ్చుకుని, డ్రాయింగులో గట్టెక్కేంత తెచ్చుకుని సీటు సంపాదించింది. మొదటి వారం ఆవుని గీయమన్నారు. ఆమె గీసింది చూసి లెక్చరర్, "ఇదేంటమ్మా, సైకిలా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. స్కేలు పెట్టి గీసినా ఆమె గీత వంకరపోయేది. అలా ఎలా పోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"చిన్నప్పటి నుంచీ అంతేనే సింధూ," అని చెప్పింది ఓసారి. "వాకిట్లో ముగ్గేస్తే మా అమ్మ కాలితో చెరిపేసేది. చుక్కలు మాత్రం కరెక్టుగా పెడతా. వాటిని కలిపేటప్పుడే చెయ్యి ఎటో పోద్ది."

చుక్కల సంగతి నిజం. ఏ గదిలోకి వెళ్లినా రెండు క్షణాలు నిలబడి దాని కొలత చెప్పేసేది. హాస్టల్ మెస్సు వెడల్పు పదహారున్నర అడుగులంది. నమ్మకుండా టేపు పెట్టి చూశాం. పదహారడుగుల ఆరంగుళాలు. స్నానాల గదుల దగ్గర పొద్దున్నే ఎందుకు తోపులాట జరుగుతుందో, ఒక్క తలుపు ఎటు తిప్పితే ఆగుతుందో వార్డెన్‌కి చెప్పింది. వార్డెన్ ఆ తలుపు తిప్పించింది కూడా. తోపులాట ఆగింది. ఇవేవీ షీటు మీద కనబడవు కనక మార్కులు లేవు.

ఆమె ఆర్కిటెక్చరుకి ఎందుకొచ్చిందో తెలిస్తే ఎవరికైనా వింతగా ఉంటుంది. వాళ్ల ఊరి బళ్లో ఆరో తరగతి గదికి బోర్డు పక్కనే తూర్పు కిటికీ ఉంది. పొద్దున పదింటికి ఎండ సూటిగా బోర్డు మీద పడి మెరిసేది. వెనక బెంచీల వాళ్లకి ఒక్క అక్షరం కనబడేది కాదు. నీలిమ పొడుగు పిల్ల, వెనక బెంచీ. పదింటికి లెక్కల పీరియడు. "కిటికీని మూడడుగులు ఇవతలకి పెడితే సరిపోయేది గదే. కట్టినోడు ఒక్కసారి వెనక బెంచీలో కూచున్నా తెలిసేది," అనేది. బడులు కట్టాలని ఆమె కోరిక. మా క్లాసులో నలభై మందిమి ఉన్నాం. విల్లాలు, మాల్స్, స్టేడియాలు కట్టాలనుకున్నవాళ్లమే. బడి కట్టాలనుకున్నది ఆమె ఒక్కతే.

మొదటి ఏడాది రెండో నెలలో ఆమె షీటు మీద లెక్చరర్ ఎర్ర పెన్నుతో ఈ మూల నుంచి ఆ మూలకి గీత కొట్టి చేతికిచ్చాడు. ఆ సాయంత్రం ఆమె నా మంచం మీద కూర్చుని, "సింధూ, ఈ ఒక్క షీటు గీసిపెట్టవే" అంది. ఆ ఒక్క షీటు రెండేళ్లు సాగింది. నేను ఊరికే గీయలేదు. నా ప్లాన్లన్నీ ఆమె కళ్లు మూసుకుని నడిచేది. నేను కొలతలు చదువుతుంటే గదిలో అటూ ఇటూ నడుస్తూ, "ఇక్కడ మెట్టు తగిలిద్ది. ఇక్కడ చీకటి. ఈ గది తలుపు తీస్తే ఆ గదిలో పడుకున్నోళ్లు కనపడతారు," అని చెప్పేది. నేను దిద్దుకునేదాన్ని. నా ప్లాన్లు బాగున్నాయని పేరొచ్చింది. అంతే కాదు, ఆదివారాలు నా బట్టలు కూడా ఉతికిపెట్టేది. వద్దని నేను ఒక్కసారి కూడా అనలేదు.

రెండో ఏడాదిలో ఎవరిల్లు వాళ్లు కొలిచి, ఆ కొలతలతో షీట్లు గీసుకురావాలని పెట్టారు. ఇది గట్టెక్కకపోతే ఏడాది పోయినట్టే. ఒకరి షీట్లు ఇంకొకరు గీస్తే ఇద్దర్నీ తీసేస్తామని కూడా ముందే చెప్పారు. కొలిచేటప్పుడు రాసుకున్న పుస్తకం షీట్లతో పాటు తీసుకురావాలి.

దసరా సెలవుల్లో నీలిమ ఇల్లంతా కొలుచుకొచ్చింది. టేపు రెండో కొస వాళ్ల నాన్న వీరయ్య పట్టుకున్నాడట. ఆ ఇల్లు ఆయన దగ్గరుండి కట్టించుకున్నది. అప్పటికి ఎనిమిదేళ్ల పిల్ల నీలిమ మేస్త్రీ పక్కన దారం కొస పట్టుకుని నిలబడిందట. ఆ పుస్తకం చూసి నాకు అసూయ పుట్టింది. బొమ్మ అన్నది ఒక్కటి లేదు. అన్నీ అంకెలు, మాటలు. ఏ గుమ్మం ఎంత ఎత్తు, నాన్నకి తల తగులుతుందా లేదా. అమ్మ పొయ్యి ముందు కూర్చుంటే పొగ ఎటు పోతుంది. ఏ నెలలో మధ్యాహ్నం ఎండ ఎక్కడిదాకా వస్తుంది. పత్తి ఇంటికొచ్చినప్పుడు ఏ గదిలో మనుషులు పడుకోవడం మానేస్తారు. నలభై పేజీలు అలాగే ఉన్నాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ పుస్తకం ముందు పెట్టుకుని గీయడం మొదలుపెట్టాను. దక్షిణం గోడ ఇరవైనాలుగు అడుగులు. ఉత్తరం గోడ ఇరవైనాలుగు అడుగుల తొమ్మిది అంగుళాలు. గీసి చూస్తే తూర్పు గోడ ఏటవాలుగా వచ్చింది. షీటు మీద అసహ్యంగా ఉంది. స్కేలు పెట్టి సూటి గీత గీయలేని పిల్ల, కొలతా సరిగ్గా తీసి ఉండదు, టేపు ఎక్కడో జారి ఉంటుంది అనుకున్నాను. నీలిమ కిటికీ బయటే కుళాయి దగ్గర నా బట్టలు ఉతుకుతోంది. కేకేస్తే పలికేది. నేను కేకెయ్యలేదు. ఎర్ర పెన్ను తీసి ఆ తొమ్మిది అంగుళాల మీద గీత కొట్టి, పక్కన "తప్పు. 24 చాలు" అని రాసి, నాలుగు మూలలూ మూలమట్టానికి సరిగ్గా వచ్చేలా ఇంటిని సరిచేశాను. చాలా అందంగా వచ్చింది. అంత అందమైన షీటు ఆ రెండేళ్లలో నేను గీయలేదు.

మా వైపు పుట్టినవాళ్లకి తెలియని సంగతి కాదిది. ఇల్లు కట్టేటప్పుడు ఈశాన్యం మూల కొంచెం పెంచుతారు. మంచిదని నమ్మకం. మా పేట ఇంట్లో కూడా ఈశాన్యం రెండంగుళాలు పెరిగే ఉంటుంది, నాన్న పదిసార్లు చెప్పాడు. వీరయ్య గారు తన చేత్తో జానెడు పెట్టి పెంచాడు. ఆ తొమ్మిది అంగుళాలు ఆయన చెయ్యి. అవన్నీ తెలిసిన పిల్లనే నేను. కానీ గీతలు గీసేటప్పుడు నాకు ఇల్లు గుర్తురాలేదు, నీలిమ వంకర చెయ్యి గుర్తొచ్చింది.

పరీక్ష రోజు పొద్దున్నే నీలిమ, "పుస్తకం ఇయ్యవే" అని రెండుసార్లు అడిగింది. జడ వేసుకుంటూ ఇస్తానన్నాను. హడావిడిలో నా బ్యాగులోనే ఉండిపోయింది. అక్కడిదాకా మరుపే. దేవుడి మీద ఒట్టేసి చెప్పగలను. ఆ తర్వాతది మరుపు కాదు.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ పెద్దాయన. తెల్ల జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్లజోడు. నీలిమ షీట్లు గోడకి గుచ్చి నిలబడింది. మేం గుమ్మం దగ్గర మా వంతు కోసం గుంపుగా ఉన్నాం. ఆయన షీటుకి ముక్కు ఆనించేటంత దగ్గరగా వచ్చి చాలాసేపు చూశాడు.

"ఏ ఊరమ్మా?"

"శావల్యాపురం సార్."

"నాది గురజాల. ఈశాన్యం ఎంత పెంచారు మీ ఇంట్లో?"

"జానెడు సార్. మా నాన్న జానెడు."

"ఏదీ, ఇక్కడ చూపించు."

నీలిమ షీటు వైపు తిరిగింది. ఆ గోడని అప్పుడే మొదటిసారి చూసిందనుకుంటాను. చూపించడానికి ఎత్తిన వేలు ఆ మూల దగ్గరే ఆగిపోయింది.

"నాలుగు మూలలూ తొంభై డిగ్రీలు. పల్నాడులో ఇట్టాంటి ఇల్లు నేను చూడలేదు," అన్నాడు ఆయన. కోపంగా ఏమీ అనలేదు. "ఇంటికెళ్లి కొలిచావా, హాస్టల్లో కూర్చుని కల్పించావా?"

"కొలిచాను సార్."

"మరి కొలతల పుస్తకం?"

ఆమె ఫైలు విప్పింది. ఒక్కో కాగితం తీసి చూసింది. లేదు. అప్పుడు తలెత్తి గుమ్మం వైపు, నా వైపు చూసింది. నా భుజానికి బ్యాగు ఉంది. బ్యాగులో పుస్తకం ఉంది. పుస్తకంలో నా ఎర్ర పెన్ను రాత ఉంది. నా చెయ్యి జిప్పు దాకా వెళ్లింది. రెండేళ్లుగా నా అక్షరాలు దిద్దుతున్న లెక్చరర్ ఆ ఎగ్జామినర్ పక్కనే కూర్చుని ఉన్నాడు. "నీ ఫైలులోనే పెట్టానే పొద్దున" అన్నట్టు పెదాలు కదిపి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"పోనీ, ఆ గోడ ఎలా ఉంటుందో ఇక్కడ బోర్డు మీద గియ్యి," అన్నాడు ఆయన.

సుద్దముక్క తీసుకుంది. గీసిన గీత ఎటో పోయింది. చెరిపి మళ్లీ గీసింది. మళ్లీ పోయింది. అప్పుడు వెనక్కి తిరిగి, "నేల మీద పోసి చూపించనా సార్? కాస్త ముగ్గుంటే చాలు," అంది.

గదంతా నవ్వింది. లెక్చరర్లు నవ్వారు. గుమ్మంలో ఉన్నవాళ్లం నవ్వాం. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎవరైనా నా ముఖం వైపు చూస్తారనిపించింది.

ఆయన మాత్రం నవ్వలేదు. "అరగంట టైమిస్తున్నాను. పుస్తకం వెతికి తీసుకురా," అన్నాడు.

ఆ అరగంట గురించే నేను ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నీలిమ హాస్టల్‌కి పరుగెత్తింది. వెనకాలే నేనూ పరుగెత్తాను. పరుపులు ఎత్తి చూసింది. చెత్తబుట్ట నేల మీద బోర్లించింది. గది నుంచి కాలేజీ గేటు దాకా దారి పొడుగునా వంగి వెతికింది, ఎక్కడో జారిపోయిందేమోనని. నేనూ పక్కనే వంగి వెతికాను, భుజాన బ్యాగుతో. ఒకసారి ఆమె ఆగి, "నిజంగా ఫైలులో పెట్టావా సింధూ?" అని అడిగింది. "పెట్టానే. నువ్వే ఎక్కడో పడేసుకున్నావు," అన్నాను. నమ్మింది. నా మాట ఆమె ఎప్పుడూ నమ్మేది.

సున్నా వేశారు. జూనియర్లతో కలిసి మళ్లీ రెండో ఏడాది చదవొచ్చన్నారు. "నాకు చెయ్యి రాదు, ఉన్న పుస్తకమూ పారేసుకున్నా. ఇంకెందుకులే," అని పెట్టె సర్దుకుంది. ఉండిపొమ్మని నేను ఒక్క మాట అని ఉంటే ఉండిపోయేదేమో. ఉండిపోతే పుస్తకం సంగతి ఎప్పటికైనా బయటపడుతుందని నా భయం నాది. నేను నోరెత్తలేదు.

తీసుకెళ్లడానికి వీరయ్య గారు వచ్చాడు. పొడుగు మనిషి, పెద్ద పెద్ద చేతులు. నీలిమ వాళ్లమ్మ బసవమ్మ గారు నా కోసం పంపిన వేపిన వేరుశెనక్కాయల సంచి నా చేతిలో పెట్టాడు. "నీ పేరు రోజూ చెబుద్దమ్మా. మా పిల్లకి చానా సాయం చేశావంట. నీ రుణం ఉంచుకోం," అన్నాడు. పెట్టె భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ కాయలు నేను తినలేదు, పారేయనూ లేదు. చాలా రోజులకి పురుగు పట్టాయి.

మా మూడో ఏడాది మొదట్లోనే కాలేజీకి కంప్యూటర్లు వచ్చాయి. చేత్తో గీసే షీట్లు ఎత్తేశారు. అప్పటి నుంచి గీతలన్నీ మిషనే గీసింది, ఎవరు గీయించినా సూటిగా. ఒక్క ఏడాది ఓపిక పట్టి ఉంటే నీలిమ చెయ్యి ఎలా ఉందని అడిగేవాడు ఉండేవాడు కాదు. నేను పెన్సిలు పట్టి పదిహేనేళ్లయింది. ఏళ్ల తరబడి పొగిడించుకున్న చెయ్యి ఇప్పుడు మౌసు కదపడానికి తప్ప దేనికీ పనికిరాదు.

నీలిమ వినుకొండలో డిగ్రీ చదివింది. పెళ్లి చేసుకుంది. భర్త ఉపేంద్ర శావల్యాపురంలోనే పురుగుమందుల కొట్టు నడుపుతాడు. ఇద్దరు పిల్లలు. ముగ్గు పోయడం ఎలా మొదలైందంటే, పక్కింటి హజ్రా బీకి ప్రభుత్వ ఇల్లు వచ్చింది. ఇచ్చిన ప్లాను కాగితం ఆవిడకి అర్థం కాలేదు. నీలిమ వాళ్ల వాకిట్లో ఆ ఇంటిని ముగ్గుతో పోసి చూపించింది. హజ్రా బీ లోపల తిరిగి చూసి, "ఇందులో నా కుట్టుమిషన్ ఏడ పెట్టుకోవాలే?" అంది. ఒక గోడ జరిగింది. మిషనుకి వెలుతురు వచ్చింది. ఆ మాట ఊరూరా పాకింది. ఇప్పటికి ఆమె నడిచి చూపించిన ఇళ్లు రెండు వందలు దాటి ఉంటాయి. ఒక్క దాని కాగితం మీద కూడా ఆమె పేరు ఉండదు, సంతకం చేసే అర్హత లేదు కనక. అన్నిటికంటే నాకు తలకొట్టేసినట్టు ఉండేది వాళ్ల ఊరి బడి సంగతి. ఆరేళ్ల కిందట అక్కడ కొత్త గదులు కట్టారు. బోర్డు పక్కనే తూర్పు కిటికీ మళ్లీ పెట్టారు. నీలిమ వెళ్లి కట్టిస్తున్నవాళ్లకి చెప్పిందట. "మీరు ఆర్కిటెక్టా అమ్మా?" అని అడిగారట. కాదంది, తిరిగి వచ్చేసింది.

పేటకీ శావల్యాపురానికీ బస్సులో గంట ప్రయాణం. పదిహేనేళ్లలో మేం కలుసుకున్నది రెండు పెళ్లిళ్లలో. రెండుసార్లూ ఏదో పని ఉన్నట్టు తప్పించుకున్నాను. పుస్తకం మాత్రం నా ఆఫీసు సొరుగులో, అడుగున ఉండిపోయింది. మూడుసార్లు ఆఫీసు మారాను. మూడుసార్లూ అది నాతో పాటే మారింది.

మొన్న సంక్రాంతి తర్వాత ఎస్తేరు గారని రిటైరైన టీచరు శావల్యాపురంలో ఇల్లు కట్టుకుంటానని నా దగ్గర ప్లాను గీయించుకుంది. ముగ్గు పోసే రోజు నన్నూ రమ్మంది. వెళ్లేసరికి నా ప్లాను నేల మీద తెల్లగా పరిచి ఉంది. ఆ మధ్యలో నీలిమ నిలబడి ఉంది.

"ఏమే సింధూ, లావయ్యావు," అని నవ్వింది. చెయ్యంతా ముగ్గు. ఆ చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది.

ఎస్తేరు గారికి మోకాళ్ల నొప్పులు. నీలిమ ఆవిడని పడకగది నుంచి బాత్రూముకి నడిపించింది. నేను పెట్టిన మలుపు దగ్గర ఆవిడకి ఆనుకోవడానికి గోడ అందలేదు. "గోడని ఇటు తిప్పితే చెయ్యి ఆనుకుని పోవచ్చు టీచరమ్మా. ఏమంటావే సింధూ?" అంది. నేనేమంటాను, తిప్పమన్నాను. నేను చదివిన ఐదేళ్ల చదువుకి ఆ మోకాళ్లు కనబడలేదు.

పని అయ్యాక ఎస్తేరు గారు కుర్చీలో కూలబడి, "ఇంత తెలివి పెట్టుకుని ఆ పెద్ద చదువు ఎందుకు మానుకున్నావే నీలిమా?" అని అడిగింది.

"బొమ్మలెయ్యటం రాదు గదా టీచరమ్మా. పైగా కొలతల పుస్తకం యాడనో పారేసుకున్నా. అంత అజాగర్త మనిషికి సీటెందుకు?" నవ్వుతూనే అంది. తర్వాత దారం చుట్టుకుంటూ, "మా నాన్న పోయిందాకా ఆ మాటే అనేవాడు. ఎండలో టేపు పట్టుకుని నీకు కొలిచిపెడితే జాగర్తగా ఉంచుకోలేకపోయావే అని. నిజమే గదా," అంది.

వీరయ్య గారు పోయాడని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ ఇల్లు కూడా పడగొట్టి కొత్తది కట్టుకున్నారని అప్పుడే తెలిసింది. ఆ తండ్రి చనిపోయేదాకా కూతుర్ని అజాగ్రత్త మనిషి అనుకున్నాడు. ఆ కూతురు పదిహేనేళ్లుగా తనని తాను అలాగే అనుకుంటోంది. ఇక దాచుకోవడం నా వల్ల కాలేదు.

ఆ వచ్చే ఆదివారం పొద్దున్నే పుస్తకం తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. నీలిమ అరుగు మీద కూర్చుని జల్లెడలో ముగ్గు జల్లిస్తోంది. పుస్తకం ఆమె ముందు పెట్టాను. అట్ట చూడగానే గుర్తుపట్టింది. ముఖం వెలిగిపోయింది.

"ఓసి నీ! ఇది యాడ దొరికిందే?"

"దొరకలేదు. నా దగ్గరే ఉంది."

"ఎప్పటి నుంచి?"

"ఆ రోజు నుంచి. మనం దారంతా వెతికినప్పుడు నా బ్యాగులోనే ఉంది."

ఆమె జల్లెడ పక్కన పెట్టింది. చేతులు చీరకి తుడుచుకుని పేజీలు తిప్పింది. కొన్ని పేజీల దగ్గర ఆగి చదువుకుంది. నాన్నకి తల తగిలే గుమ్మం దగ్గర ఎక్కువసేపు ఆగింది. తర్వాత ఉత్తరం గోడ పేజీ వచ్చింది. ఎర్ర గీత. "తప్పు."

"ఇది నీ రాత."

"నాదే. అది చూస్తే ఇద్దర్నీ తీసేస్తారని భయపడ్డాను," అన్నాను. ఆమె నా వైపే చూస్తోంది. "ఇద్దర్నీ కాదు. నన్ను తీసేస్తారని," అన్నాను.

ఆమె ఆ అంకె మీద కుడిచెయ్యి జానెడు చాపి పెట్టింది. బొటనవేలు నుంచి చిటికెన వేలి దాకా. కాసేపు అలాగే ఉంచింది.

"ఆ సారు రాత ఎవరిదని అడిగితే నాదేనని చెప్పేదాన్ని గదే," అంది. "మన లెక్చరర్ గుర్తుపట్టినా కాదని అడ్డంగా వాదించేదాన్ని. నేనే కొట్టేసుకున్నా సార్, నేనే పొరపాటు పడ్డా సార్ అనేదాన్ని. నీ పేరు నా నోట్లోంచి వచ్చేది కాదు. రెండేళ్లు నా పక్క మంచం మీద పడుకున్నావు. ఆ మాత్రం తెలియదా సింధూ నీకు?"

తిట్టి ఉంటే బాగుండేది. ఏడ్చి ఉంటే పట్టుకుని నేనూ ఏడ్చేదాన్ని. రెండూ చేయలేదు. పుస్తకం మూసి, "ఇది నేను ఉంచుకుంటా," అని లోపలికి తీసుకెళ్లింది. తిరిగి వచ్చి జల్లెడ ముందు కూర్చుంది. మంచినీళ్లు తాగుతావా అని అడగలేదు. మా వైపు ఇంటికొచ్చిన మనిషిని, పగవాడైనా సరే, ఆ మాట అడక్కుండా పంపించరు. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

దారిలో బడి దగ్గర కారు ఆపాను. ఆదివారం కావడంతో ఎవరూ లేరు. కొత్త గదులకి గడియ వేసి ఉంది గాని తాళం లేదు. ఆరో తరగతి గది తీసి, వెనక బెంచీలో, గోడ వైపు చివర కూర్చున్నాను. టైము పది దాటింది. ఎండ కిటికీలోంచి సూటిగా వచ్చి బోర్డు మీద పడింది. శనివారం ఎవరో దాని మీద సుద్దతో ఏదో లెక్క వేసి వదిలేశారు. తల అటూ ఇటూ వంచి చూశాను. ఒక్క అంకె కూడా నాకు కనబడలేదు.